ఫెజ్ పాత ఊరికి ఒక్క రోజే ఉంటే: ఏ దారి, గైడ్ కావాలా, ఏది చూడాలి, ఏది వదలాలి

మొరాకోలోని ఫెజ్ నగరంలో పాత ఊరి పేరు ఫెజ్ అల్ బాలీ. ఎనిమిదో శతాబ్దం చివర్లో మొదలైన ఊరు, 1981లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. తొమ్మిది వేల సందులున్నాయని అక్కడి గైడ్లందరూ ఒకే లెక్క చెబుతారు. ఎవరు లెక్కపెట్టారో గానీ, ఓ పూట తిరిగాక నమ్మాలనే అనిపిస్తుంది. లోపలికి కార్లు రావు. సిమెంటు బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, శుద్ధి చేసిన తోళ్లు అన్నీ గాడిదలు, కంచరగాడిదల మీదే. వెనక నుంచి "బాలక్, బాలక్" అని కేక వినపడితే తిరిగి చూడకుండా గోడకు ఆనుకుపోవడమే.

యూరప్‌లో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లు లాంగ్ వీకెండ్ వస్తే మొరాకో ప్లాన్ వేస్తుంటారు. మరాకేష్, కాసాబ్లాంకా, ఎడారిలో ఒక రాత్రి అన్నీ సర్దగా ఫెజ్‌కు సాధారణంగా మిగిలేది ఒక్క రోజు. అది చాలదని ఫెజ్ వాళ్లంటారు, నిజమే. అయినా ఒక రోజుతో బాగానే చూడొచ్చు, ముందుగా నాలుగైదు విషయాలు తేల్చుకుంటే.

అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఈ ఊరు వాలు మీద ఉంది. పడమటి గుమ్మం ఎత్తులో, పెద్ద మసీదు ఖరావియ్యీన్, బజార్లు లోయలో, నది పక్కన. వాలు వెంట దిగితే రోజంతా హాయిగా సాగుతుంది. ఎదురెక్కితే మధ్యాహ్నానికే కాళ్లు పీకుతాయి, చూడాల్సినవి సగం ఉండిపోతాయి. మిగతా ఎంపికలన్నీ దీని తర్వాతే.

ఎక్కడి నుంచి వస్తున్నారు?

మెక్నెస్‌లో ఉంటే ఏ ఆలోచనా అక్కర్లేదు. రైలు ముప్పావు గంట లోపే, పొద్దున వచ్చి రాత్రికి వెళ్లిపోవచ్చు. రబాత్ నుంచి మూడు గంటలకు కాస్త తక్కువ. పొద్దున్నే మొదటి రైళ్లలో ఒకటి పట్టుకుంటే కుదురుతుంది, కానీ తిరుగు రైలు టెన్షన్ రోజంతా వెంటాడుతుంది. కాసాబ్లాంకా నుంచి ఒక వైపే నాలుగు గంటల దరిదాపు. మరాకేష్ నుంచైతే ఆరున్నర, ఏడు గంటలు. ఈ రెండు ఊళ్ల నుంచీ ఒక్క రోజులో వచ్చిపోదామనుకోవద్దు. ముందు రోజు రాత్రికి ఫెజ్ చేరి, పడుకుని, పొద్దున మొదలుపెట్టండి. రాత్రి బస పాత ఊరి రియాద్‌లోనే, అంటే మధ్యలో వాకిలి ఉన్న పాతకాలపు ఇంటి హోటల్లోనే, పెట్టుకోవాలని పట్టుదల ఉంటే పడమటి గుమ్మం దగ్గరి బత్‌హా, బాబ్ బూ జలూద్ వైపు చూసుకోండి. లోలోపలి సందుల్లో బస అంటే చీకట్లో సూట్‌కేసు లాక్కుంటూ గుమ్మాలు వెతుక్కోవాలి.

మరాకేష్ చూశాం కదా, మళ్లీ ఫెజ్ ఎందుకని చాలామంది అడుగుతారు. రెండూ పాత ఊళ్లే, తీరు వేరు. మరాకేష్ చదునుగా ఉంటుంది. జమా అల్ ఫనా మైదానం, పాటగాళ్లు, పొగలు కక్కే తిండి బండ్లు, రాత్రయ్యేకొద్దీ ఊపు పెరుగుతుంది. సందుల్లో మోటారు సైకిళ్లు మాత్రం ప్రాణం తీస్తాయి. ఫెజ్‌లో అంత పెద్ద మైదానమూ లేదు, ఆ రాత్రి సందడీ లేదు. పనివాళ్ల ఊరు ఇది. దువ్వెనలు చేసేవాడు, జల్లెడలు చేసేవాడు, పెళ్లి పీటలకు రేకు కొట్టేవాడు ఇప్పటికీ అంగడిలో కూర్చుని పని చేస్తుంటారు. పిల్లలతో వెళ్లి కాస్త హుషారుగా గడపాలంటే మరాకేష్. కట్టడాలు, చేతిపనులు నింపాదిగా చూసే ఓపిక ఉంటే ఫెజ్. రెండిట్లో ఒకటే కుదిరితే నా ఓటు ఫెజ్‌కే.

ఏ గుమ్మం నుంచి?

టాక్సీవాడు అడిగేది ఇదే. మూడు జవాబులున్నాయి.

ఒకటి, బాబ్ బూ జలూద్, పడమటి గుమ్మం. అందరి ఫొటోల్లో కనిపించే నీలం గుమ్మం ఇదే. చూడ్డానికి పాతదిలా ఉంటుంది గానీ ఫ్రెంచి వాళ్లొచ్చాక 1913లో కట్టింది. బయటి వైపు నీలం పలకలు, లోపలి వైపు ఆకుపచ్చ. దాటగానే రెండు దారులు కిందికి దిగుతాయి: తలా కబీరా, తలా సగీరా. పెద్దది, చిన్నది. రెండూ చివరికి పెద్ద మసీదు వైపే తీసుకెళతాయి, దూరం కిలోమీటరు పైచిలుకు. కబీరా మీద కట్టడాలు ఎక్కువ, సగీరా మీద రోజువారీ దుకాణాలు ఎక్కువ. ఒక్క రోజుకైతే కబీరా.

రెండు, రసీఫ్. నది పక్కన, ఊరి అడుగున ఉన్న మైదానం. ఇక్కడి దాకా టాక్సీ వస్తుంది. ఇక్కడ మొదలుపెడితే అయిదు నిమిషాల్లో కంచరి పనివాళ్ల సెఫారీన్ చౌకు చేరిపోతారు. పక్కనే పెద్ద మసీదు, ఇంకాస్త ముందుకు అత్తారీన్ మదరసా. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు, నాన్నకు మోకాళ్ల నొప్పి అంటే ఇదొక్కటే మార్గం. పై గుమ్మం ఊసెత్తొద్దు. రసీఫ్‌లో దిగి, ఆ చుట్టుపక్కలే మూడు గంటలు గడిపి, అక్కడే టాక్సీ ఎక్కేయండి. పై గుమ్మం దగ్గరి బూ ఇనానియా మదరసా పోతుంది, పోనివ్వండి.

మూడు, ఫెజ్ జదీద్ మీదుగా. పేరుకు కొత్త ఫెజ్, కట్టింది 1276లో. రాజభవనం ఇత్తడి తలుపులు, యూదుల పేట మెల్లా, ఇబ్న్ దనాన్ యూదుల ప్రార్థనా మందిరం ఇక్కడే. చూడదగ్గవే. అయితే పొద్దున ఇక్కడ మొదలుపెట్టి నడుచుకుంటూ పాత ఊరికి వస్తే మధ్యాహ్నం అయిపోతుంది. టూర్ బస్సుల వాళ్లు దాదాపు అందరూ ఇదే చేయిస్తారు, తలుపుల దగ్గర ఫొటో కోసం. ఒక్క రోజు ఉన్నవాళ్లకు ఇది దండగ.

కాళ్లు బాగున్నవాళ్లకు నా సలహా ఇది: తొమ్మిదికి బూ జలూద్‌లో దిగండి, తలా కబీరా పట్టుకుని కిందికి, సాయంత్రం రసీఫ్‌లో టాక్సీ. వచ్చిన దారినే వెనక్కి ఎక్కే పని పెట్టుకోవద్దు. ఊళ్లో తిరిగే చిన్న ఎర్ర టాక్సీల్లో ముగ్గురినే ఎక్కించుకుంటారు. నలుగురుంటే రెండు టాక్సీలు. మీటరు వేయమని ఎక్కే ముందే చెప్పండి.

గైడా, సొంతంగానా, గ్రూప్ టూరా?

గ్రూప్ టూర్ గురించి ఎక్కువ చెప్పను. తివాచీల కొట్లో ముప్పావు గంట, తోలు కొట్లో ముప్పావు గంట, ఆర్గాన్ నూనె కొట్లో అరగంట, మధ్యలో మసీదు గుమ్మం ముందు రెండు నిమిషాలు. ప్రతి కొట్లోనూ మర్యాదగా పుదీనా టీ ఇస్తారు. ఆ టీ ఖరీదు ఎవరి జేబులోంచి వస్తుందో వేరే చెప్పాలా?

సొంతంగా తిరగడం భయపడాల్సినంత కష్టం కాదు. హైదరాబాద్ పాతబస్తీలో లాడ్ బజార్ వెనక సందుల్లో తిరిగిన వాళ్లకు ఈ ఇరుకూ రద్దీ కొత్త కాదు. తేడా ఏంటంటే, అక్కడ తలెత్తితే చార్మినార్ కనిపించి దిక్కు తెలుస్తుంది, ఇక్కడ తలెత్తితే కనిపించేది వెదురు తడికల కప్పో, రెండు గోడల మధ్య జానెడు ఆకాశమో. ఫోన్‌లో జీపీఎస్ చుక్క పక్క సందులోకి గెంతుతూ ఉంటుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి గానీ దాన్నే నమ్ముకోవద్దు. కూడళ్లలో తలెత్తి చూస్తే నక్షత్రం గుర్తుతో పర్యాటకుల దారి బోర్డులుంటాయి, ఒక్కో దారికి ఒక్కో రంగు. దారి పూర్తిగా తప్పితే వాలు చూసుకుని కిందికి దిగండి, రసీఫ్ తగులుతుంది. పైకి ఎక్కితే బూ జలూద్ వైపు. ఫెజ్‌లో ఇంతకంటే నమ్మకమైన దిక్సూచి లేదు.

ఒంటరిగా కనిపించేసరికి కుర్రాళ్లు వెంటపడతారు. "ఇటు దారి మూసేశారు, అటు రండి" అన్నది వాళ్ల పాత పాట. దారి మూసి ఉండదు. తీసుకెళ్లేది మామ కొట్టుకు. ఇండియన్ అని తెలిస్తే ముందు "షారుఖ్ ఖాన్!" అని కేకేస్తారు. అందులో సగం నిజమైన అభిమానమే, మిగతా సగం బేరానికి నాంది. నవ్వేసి "లా, శుక్రన్" (వద్దు, థాంక్స్) అని నడక ఆపకుండా సాగిపోతే చాలు. ఆగి కారణాలు చెప్పారా, పావుగంట పోయినట్టే.

ఇక గైడ్. ప్రభుత్వ లైసెన్సు ఉన్న గైడ్లు మెడలో కార్డు వేసుకుంటారు. దిగిన హోటల్లోనో రియాద్‌లోనో చెబితే మాట్లాడి పెడతారు. డబ్బులు పూటకు కొన్ని వందల దిర్హాములు, మనిషికి కాదు, మొత్తం బృందానికి. నలుగురు పంచుకుంటే పెద్ద భారం కాదు. గైడ్ వల్ల అసలు లాభం చరిత్ర పాఠం కూడా కాదు, అది చదువుకుని వెళ్లొచ్చు. నేతగాళ్ల మేడ మీదికి, పాత సరాయిల్లోకి, గోడకు చిన్న కన్నంలా కనిపించే తలుపు వెనక ఊరుమ్మడి రొట్టెల పొయ్యి దగ్గరికి మనంతట మనం వెళ్లలేం. పొద్దున ఇళ్లలో పిసికిన పిండిని పలకల మీద పెట్టి, పైన గుడ్డ కప్పి, పిల్లలతో అక్కడికి పంపిస్తారు. పొయ్యి దగ్గర ఆయన డజన్లకొద్దీ రొట్టెల్లో ఏది ఎవరింటిదో చూడగానే చెప్పేస్తాడు.

కాబట్టి నా లెక్క: పొద్దున పూట గైడ్, మధ్యాహ్నం సొంతంగా. రోజంతా గైడ్ అంటే భోజనం తర్వాత తప్పకుండా కొట్లలోకి దారి మళ్లుతుంది. మాట్లాడుకునేటప్పుడే సూటిగా చెప్పండి, కొట్లు వద్దు, టానరీ (తోళ్లు శుద్ధి చేసే చోటు) ఒక్కటి చాలు అని. ముఖం కాస్త మాడ్చుకున్నా ఒప్పుకున్నవాడే మంచి గైడ్. కమీషన్ పోతుందని డబ్బులు కొంచెం ఎక్కువ అడిగితే ఇచ్చేయండి, చివరికి అదే చవక.

రెండు మదరసాలు: ఒకటే చూడాలంటే?

మొరాకోలో దాదాపు ఏ మసీదులోకీ ముస్లిమేతరులను రానివ్వరు. కాబట్టి ఫెజ్ పేరు చెప్పగానే గుర్తొచ్చే ఖరావియ్యీన్‌ను గుమ్మం బయటి నుంచి చూడాల్సిందే. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ కట్టించిందని చెబుతారు. ప్రపంచంలో ఆగకుండా నడుస్తున్న విశ్వవిద్యాలయాల్లో అన్నిటికంటే పాతదిగా గిన్నిస్ పుస్తకం కూడా దీన్నే చూపిస్తుంది. తలుపులు తెరిచి ఉన్నప్పుడు తెల్లటి స్తంభాల వరసలు, మధ్యలో వాకిలి కనిపిస్తాయి. అది చూసి కదలడమే. లోపలికి వెళ్లగలిగేవి మదరసాలు, అంటే అప్పటి విద్యార్థుల వసతి, చదువు కలిసిన కట్టడాలు. అసలు పనితనం దగ్గరగా చూడగలిగేది అక్కడే.

బూ ఇనానియా పైన ఉంటుంది, బూ జలూద్ దాటిన కొద్ది నిమిషాలకే. సుల్తాన్ అబూ ఇనాన్ 1350 నుంచి 1355 మధ్య కట్టించాడు. పెద్ద వాకిలి, సొంత మినార్, శుక్రవారం నమాజు జరిగే మసీదు కూడా ఇందులోనే. అందుకే నమాజు వేళల్లో సందర్శకులను బయటికి పంపుతారు. అత్తారీన్ కింద ఉంటుంది, ఖరావియ్యీన్ పక్కనే, సుగంధ ద్రవ్యాల బజారు చివర. 1323, 1325 మధ్య కట్టింది. బూ ఇనానియాలో సగం కూడా ఉండదు.

పెద్దదే కదా చూడాలని అందరూ బూ ఇనానియాకే వెళతారు. ఒకటే అయితే నేను అత్తారీన్ అంటాను. చిన్న వాకిలి కావడంతో గోడ కంటికి ఆనేంత దగ్గరగా వస్తుంది. నడుము ఎత్తు దాకా జెల్లీజ్, అంటే రంగు పలకలను ఉలితో గోరంత ముక్కలుగా చెక్కి పేర్చిన పని. పైన గచ్చు మీద చెక్కిన అక్షరాలు, తీగలు. ఆ పైన దేవదారు కలప. మూడు వరసలూ మెడ తిప్పకుండా ఒకే చూపులో అందుతాయి. జెల్లీజ్ ముక్కల మీద పక్క నుంచి వెలుగు పడినప్పుడు చూడండి, అన్నీ ఒకే ఎత్తులో ఉండవు, వేలితో తడిమితే తెలిసేంత తేడా. మిషన్ పలకకు ఆ మెరుపు రాదు. మేడ మీది విద్యార్థుల గదులు చూస్తే మన హాస్టల్ గదులు రాజభవనాలనిపిస్తాయి.

టైముంటే రెండూ చూడండి, దారిలోవే. టికెట్టు రెండిటికీ తక్కువే, నోట్లు చిల్లరగా ఉంచుకోండి. బూ ఇనానియాకు తొమ్మిదింటికే వెళితే బస్సుల జనం రాకముందే బయటపడొచ్చు.

దారిలో నజ్జారీన్ సరాయి తగులుతుంది, ఇప్పుడది కలప పనుల మ్యూజియం. లోపలి వస్తువుల కంటే కట్టడమే బాగుంటుంది. మేడ మీద టీ దొరుకుతుంది. పాత ఊళ్లో పబ్లిక్ టాయిలెట్లు అరుదు గనక ఇలాంటి చోట్లను వదలకండి. ఆ పక్కనే ఫెజ్‌ను ఏలిన పాత రాజు మౌలే ఇద్రీస్ సమాధి మందిరం. సందుకు అడ్డంగా ఛాతీ ఎత్తులో ఒక దూలం కట్టి ఉంటుంది. గాడిదలు దాటకుండా, మనుషులు తల వంచి వెళ్లేలా. దూలం దాటి గుమ్మం దాకా ఇప్పుడు వెళ్లనిస్తారు, లోపలికి మాత్రం కాదు.

టానరీ: చూడాలా, వద్దా?

ఫెజ్‌లో తోళ్లు ఊనే పాత టానరీలు మూడున్నాయి. అందరూ వెళ్లేది షువారాకు. రాతి తొట్లు తేనెపట్టులా పరుచుకుని, కొన్నిట్లో తెల్లటి సున్నం నీళ్లు, కొన్నిట్లో రంగులు, నడుముల్లోతు దిగి తోళ్లను తొక్కుతున్న మనుషులు. సున్నంతో పాటు పావురాల రెట్ట కలుపుతారు, తోలు మెత్తబడడానికి. వాసన సంగతి ఇక అడగొద్దు. చేతిలో పుదీనా రెమ్మ పెట్టి పంపిస్తారు, ముక్కు దగ్గర పెట్టుకోమని. ఎండాకాలం మధ్యాహ్నం ఆ పుదీనా వల్ల ఉపయోగం లేదు.

చూడాలంటే తోలు కొట్ల మేడలెక్కాలి. టికెట్టు ఉండదు, దిగేటప్పుడు బేరం ఉంటుంది. కొనే ఉద్దేశం లేకపోతే పైకి ఎక్కే ముందే "చూసి వెళతాం, పది, ఇరవై దిర్హాములు ఇస్తాం" అని తేల్చేసుకోండి. పసుపు రంగు కుంకుమపువ్వుదే అని చెబుతారు. కుంకుమపువ్వు గ్రాము ధర తెలిసినవాళ్లు ఆ తొట్టి సైజు చూసి నవ్వుకోవాల్సిందే.

పొద్దున పదకొండు లోపు వెళితే పని జరుగుతుంటుంది, వెలుగు కూడా బాగుంటుంది. వాసన పడనివాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, తోలు పనే చూడలేనివాళ్లు నిర్మొహమాటంగా మానేయొచ్చు. ఆ అరగంట సెఫారీన్ చౌకులో కూర్చోండి. కంచరి పనివాళ్లు పెళ్లిళ్లకు వాడే పెద్ద రాగి గుండిగలను సుత్తులతో కొడుతుంటారు. ఒకడి దెబ్బకు ఇంకొకడి దెబ్బ తగులుకుంటూ, చెవులు గింగురుమంటున్నా లేవబుద్ధి కాదు. టానరీకీ సెఫారీన్‌కీ మధ్య ఒకటే ఎంచుకోమంటే నాకు ఇదే ఎక్కువ.

భోజనం, ముఖ్యంగా శాకాహారులకు

బూ జలూద్ దగ్గరి హోటళ్లలో మెనూ ఇంగ్లీషులో ఉంటుంది, రుచి మామూలు. లోపలి చిన్న కొట్లలో తిండి బాగుంటుంది, మెనూ ఉండదు. మాంసం తినేవాళ్లకు ఫెజ్ ప్రత్యేకం పస్తీయా: సన్నటి పొరల మధ్య పావురం మాంసమో కోడి మాంసమో, బాదం పప్పు, పైన దాల్చినచెక్క, చక్కెర. తీపీ ఉప్పూ కలిసిన ఈ రుచి అందరికీ నచ్చదు, ఒకటి తీసుకుని పంచుకోండి.

శాకాహారులు ఒక విషయం చూసుకోవాలి. కూరగాయల తాజీన్ (మట్టిపాత్రలో వండే కూర), కూరగాయల కుస్‌కుస్ (ఆవిరి మీద ఉడికించిన గోధుమ రవ్వ) అని రాసి ఉన్నా, వండింది మాంసం ఉడికించిన నీళ్లలో కావచ్చు. హరీరా సూపులో మాంసం ముక్కలు తరచూ ఉంటాయి. "బ్లా ల్‌హమ్" అంటే మాంసం లేకుండా అని అర్థమవుతుంది గానీ నీళ్ల సంగతి విడిగా అడగాలి. నిశ్చింతగా తినదగ్గవి: పొద్దునపూట దొరికే బిసారా, ఎండు బాకలా (ఫావా బీన్స్) గింజల చిక్కటి పప్పు, పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి. జాలూక్, అంటే వంకాయ, టమాటా మెత్తగా చేసిన పచ్చడి లాంటిది. పొరల రొట్టె మ్సమన్, వేడి వేడి ఖొబ్జ్ రొట్టె. మన నాలుకకు కారం చాలదు, చిన్న ఊరగాయ ప్యాకెట్ జేబులో ఉంటే మంచిదే. ఇంకో హెచ్చరిక, తలా కబీరాలో ఒంటె మాంసం కొట్ల ముందు ఒంటె తల వేలాడదీసి ఉంటుంది. చిన్నపిల్లలుంటే ముందే చెప్పి పెట్టండి.

మూడింటి తర్వాత

గైడ్ వెళ్లిపోయాడు, కాళ్లు ఇంకా ఆడుతున్నాయి అనుకుందాం. షాపింగ్ పిచ్చి ఉంటే అత్తారీన్, హెన్నా బజారు వైపు ఉండిపోండి. మొదట చెప్పిన ధరను పట్టించుకోకండి, బేరం మనకెవరూ నేర్పక్కర్లేదు. సూర్యాస్తమయం కావాలంటే టాక్సీలో మెరీనీ వంశపు రాజుల సమాధుల కొండకు. ఊరంతా గిన్నెలో పోసినట్టు కనిపిస్తుంది. చీకటి పడకముందే దిగిపోండి, టాక్సీని ఉండమని చెప్పుకోండి.

నాకు నచ్చింది మూడోది, నది దాటి అందలూసీ వైపు. తొమ్మిదో శతాబ్దంలో స్పెయిన్‌లోని కొర్దోబా నుంచి తరిమేస్తే వచ్చినవాళ్లు స్థిరపడ్డ గట్టు అది. అవతలి గట్టు మీద ట్యునీషియాలోని కైరవాన్ నుంచి వచ్చినవాళ్లు దిగారు, ఖరావియ్యీన్ పేరు వాళ్ల వల్లే. అందలూసీ వైపు పర్యాటకులు పలచగా ఉంటారు, కొట్లలో ప్లాస్టిక్ బకెట్లు, కొత్తిమీర కట్టలు, స్కూలు పుస్తకాలు. ఎవరూ ఏమీ అమ్మజూపరు. కాస్త ఎక్కాలి, అదొక్కటే ఇబ్బంది.

శుక్రవారం మాత్రం వద్దు. మధ్యాహ్నం నుంచి కొట్లు చాలావరకు మూతపడతాయి, సందులు ఖాళీ. ఫొటోలకు బాగుంటుంది గానీ పనివాళ్లను చూద్దామని వెళ్లినవాళ్లకు నిరాశే. రంజాన్ నెలలో పగటిపూట చిన్న హోటళ్లు మూసి ఉంటాయి. జులై, ఆగస్టుల్లో ఎండ 40 డిగ్రీలకు వెళుతుంది. చలికాలం వానల్లో ఆ వాలు రాళ్లు జారతాయి. మార్చి నుంచి మే, సెప్టెంబర్ నుంచి నవంబర్ మధ్య పెట్టుకోండి. మడమ గట్టిగా పట్టే బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు, గాడిదల దారి అది.